నిదానం బంతి

మనిషి పొట్ట ఎంత ఉంటుందన్న ప్రశ్న నాకు యాభై దాటేదాకా రాలేదు. గుండిగ ఎంత, అందులో ఎంత బియ్యం పడుతుంది, ఒక బంతికి ఎంత పప్పు సరిపోతుంది, నా ఆలోచనలన్నీ వీటి చుట్టూ తిరిగేవి. తినేవాళ్ల పొట్ట సంగతి తినేవాళ్లే చూసుకుంటారు, మన పని వండటం, దేవుడికి చూపించడం, వడ్డనకు పంపించడం అనుకునేదాన్ని. ఆ ప్రశ్న తెచ్చి నా ముందు పెట్టిన మనిషి మా వంట మేస్త్రీగారు.

ఇప్పుడు ఈ వంటల పనిలోకి చదువుకున్న పిల్లలు కూడా వస్తున్నారు. సంతోషం. మొన్న ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, "మీరు చేసిన వాటిలో కష్టమైన వంట ఏదండీ?" అని అడిగింది. ఎంత ఆలోచించినా కష్టమైన వంట గుర్తుకు రాలేదు. కష్టమైన భోజనం ఒకటి గుర్తొచ్చింది. అదే రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ ఈ చుట్టుపక్కలే ఉన్నారు, రేపు ఏదో ఒక పెళ్లిలో మళ్లీ ఎదురుపడాలి.

నాది బందరు. బడికి వెళ్లి చదివింది లేదు. పొద్దున్నే పూజ అయ్యాక నాన్నగారు పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, ఎక్కాలు, నాలుగు పద్యాలు చెప్పారు. మిగిలిన చదువంతా అమ్మ పొయ్యి దగ్గర చెప్పింది. ఆ రెండు చదువులే నన్ను ఇంతకాలం నిలబెట్టాయి. దీపం పెట్టేటప్పుడు రోజూ ఆ ఇద్దరికీ ఒక నమస్కారం పెట్టుకుంటాను.

మేస్త్రీగారిది గుడివాడ. నాకంటే చిన్నవారు, నన్ను అక్కయ్యగారూ అనేవారు. ఆయన జట్టులో నా వంతు పచ్చళ్లు, తీపి వంటకాలు, దేవుడి నైవేద్యం. వడ్డన చూడటానికి ఇంకొకాయన ఉండేవాడు. జట్టంతా ఆయన్ని బావ అనే పిలిచేది. ఎవరికి బావో ఎవరికీ తెలీదు.

మేస్త్రీగారు భారీ మనిషి. వంట ఎంత బాగా చేసేవారో అంత బాగా తినేవారు. ఆయనకో అలవాటు. ఏ శుభకార్యమైనా చివరి బంతిలో ఇంటివాళ్లతో కలిసి విస్తరి ముందు కూర్చునేవారు. పప్పుతో మొదలుపెట్టి పెరుగు దాకా, ప్రతీదీ మారు అడిగి తినేవారు. "మేస్త్రీయే ఇంత ఇష్టంగా తింటుంటే ఇంక వంకేం పెడతాం" అనేవారు ఇంటివాళ్లు. ఆ భోజనం చూసే మరో ఇంటివాళ్లు వచ్చి పని అప్పజెప్పేవారు. అందరికీ బోర్డులుంటాయి, మాకు ఆయన బొజ్జ ఉండేది.

ఆ బొజ్జే ఆయన్ని కూలదోసింది. షుగరు, మోకాళ్లు, ఆయాసం. ముదినేపల్లిలో ఒక గృహప్రవేశానికి వెళ్లినప్పుడు పొయ్యి ముందు పీట మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేకపోయారు. ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది. అంతకుముందు పథ్యాలు చెయ్యలేదా అంటే చేశారు. మధ్యాహ్నం ఒక్క పుల్కా తిని, సాయంత్రం గుండిగ అడుగున మిగిలిన పులిహోరను పారెయ్యడం పాపమని తినేవారు. అన్నం పారెయ్యకూడదన్న మాట నేనే చెప్పేదాన్ని గనుక, ఆ పుణ్యంలో నాకూ కొంత వాటా ఉంది.

చివరికి విజయవాడలో డాక్టరు గారు పొట్ట తగ్గించే ఆపరేషన్ ఒకటే దారి అన్నారు. మేస్త్రీగారి భార్య నా దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"గుండెకంటే సరే, కంటికంటే సరే. బాగున్న పొట్టని కోయించుకోవడం ఏంటి అక్కయ్యగారూ?"

పక్క గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "బాగున్న పొట్ట కాదే అది. అది మోతుబరి, నేను దాని పాలేరుని."

దేవుడి దయ వల్ల ఆపరేషన్ బాగా జరిగింది. చూడటానికి వెళ్లినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, ఇప్పుడు పొట్ట ఎంతుంది అని. నర్సమ్మ నవ్వి, అరటిపండంత మిగిల్చారండీ అంది. ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. ఇంటికొచ్చి అరటిపండు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. మొత్తం బంతికి సరిపోయే వంట చూసిన మనిషి, ఇకమీదట ఇంతలో సర్దుకోవాలి. ఎలా?

మొదట్లో పల్చటి మజ్జిగ, పప్పు మీద తేట, అదీ గుటక గుటకగా. తర్వాత మెత్తగా మెదిపినవి. ఆ తర్వాత ఉడికించిన గుడ్డు, పనీరు, మెత్తటి పప్పు. ఆయన భార్య చిన్న చెంచాతో తినిపిస్తుంటే, మళ్లీ అన్నప్రాశన చేసినట్టే ఉందనుకున్నాను. కాకపోతే ఈ పసివాడికి మీసాలున్నాయి, ప్రతి చెంచాకీ ఉప్పు తక్కువైందని చెప్పేవాడు.

ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి ఒకతె ఉండేది. మేస్త్రీగారి భార్యకి ఫోనులో మాట్లాడటం బెరుకు, అందుకని నేను మాట్లాడేదాన్ని.

"భోజనంతో పాటు మంచినీళ్లు తాగకూడదు ఆంటీ. తినడానికి అరగంట ముందు ఆపెయ్యాలి, తిన్నాక అరగంట ఆగాలి."

"మరి ముద్ద దిగకపోతే?"

"నీళ్లతో దించాల్సినంత ముద్ద పెట్టుకోకూడదు. నోట్లోనే పూర్తిగా మెత్తబడేదాకా నమలాలి. ముందు పప్పు, గుడ్డు లాంటివి, ఆఖర్న చోటుంటే అన్నం."

"ఆఖర్న పెరుగన్నం లేకుండా ఎలా లేస్తారమ్మా?"

"చోటుంటే అన్నాను కదా."

"ఆవకాయ?"

ఆ పిల్లకి నవ్వొచ్చింది. తర్వాత, "మీదే ఊరండీ?" అంది.

"బందరు."

"మాది రేపల్లె. నాకు తెలుసు ఆంటీ. కొన్నాళ్లు ఆగండి, తర్వాత నాలుక్కి రాసుకునేంత."

ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా విసుక్కోలేదు.

నేను గుడివాడ వెళ్లినప్పుడల్లా మేస్త్రీగారిని ప్రశ్నలతో వేధించేదాన్ని. ఆకలి వేస్తుందా? వెయ్యదట. మరి తినాలని ఉంటుందా? రోజంతా ఉంటుందట. "ఈ రెండూ వేరువేరని నాకు ఇన్నేళ్లూ తెలీదు అక్కయ్యగారూ" అన్నారు. పొద్దున్నే లేచి కాఫీ వాసనకి ప్రాణం పెట్టే మనిషికి ఇప్పుడా వాసన గిట్టడం లేదు. ఎండాకాలంలో ఫ్యాను తగ్గించమంటున్నారు. జుట్టు రాలుతోంది. ఖాళీగా ఉన్నప్పుడు ఫోనులో వంటల వీడియోలు చూస్తున్నారు. ఎవరో ఎక్కడో ఉల్లిపాయలు వేయిస్తుంటే, "మాడతాయి, మంట తగ్గించు" అని ఫోనుకు చెప్తున్నారు.

మనిషి మాత్రం తేలికపడ్డారు. షుగరు మాత్రలు తగ్గాయి. మెట్లు ఎక్కుతున్నారు. ఆయన భార్య ఇంటి గుమ్మంలో నిలబడి, తన మొగుడు వంగి చెప్పులు తొడుక్కోవడాన్ని వింతగా చూసేది.

ఆపరేషన్ సంగతి మాత్రం బయటికి పొక్కకూడదని ఆయన పట్టు. "పొట్ట తీయించుకున్న వంటవాడంటే ఈత రాని పడవవాడి లెక్క. నవ్విపోతారు" అనేవారు. అక్కడే చిక్కు మొదలైంది.

ఆపరేషన్ తర్వాత ఆయన మొదటిసారి పనికి వచ్చింది గుడ్లవల్లేరులో ఒక వేడుకకి. నేను బూరెలకు పూర్ణం కలుపుతున్నాను. ఆయన దారిన పోతూ పాత అలవాటుగా వేళ్లతో ఇంత తీసి నోట్లో వేసుకున్నారు. యాలకులు వేశాక ఇంకోసారి. బెల్లం సరిపోయిందా లేదా అని మరోసారి. కాసేపటికి ఒళ్లంతా చెమటలు, గుండె దడ, కడుపులో మెలి. బియ్యం బస్తాల మీద పడుకోబెట్టాం. బావ పరిగెత్తుకెళ్లి ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీశాడు. నేను దేవుణ్ణి తలుచుకుంటూనే ఆసుపత్రి అమ్మాయికి ఫోన్ చేశాను.

"తీపి తిన్నారా?" అంది వెంటనే.

"పూర్ణం రుచి చూశారమ్మా."

"అదే ఆంటీ. ఇప్పుడు తీపి ఆ చిన్న పొట్టలో నిలవదు, గబుక్కున పేగుల్లోకి దిగిపోతుంది. దానికే ఈ చెమటలు. పడుకోనివ్వండి, తగ్గుతుంది. తగ్గకపోతే మాత్రం వెంటనే తీసుకొచ్చెయ్యండి."

తగ్గింది. దిష్టి వల్లే తగ్గిందని బావ ఇప్పటికీ అంటాడు. నేను కాదనను. అయితే ఆ ఇంటివాళ్లు ఇదంతా చూశారు. చిక్కిపోయిన మనిషి, రాలిన జుట్టు, తన వంట తాను తినకపోవడం, బస్తాల మీద పడుకోవడం. వారం తిరిగేసరికి మేస్త్రీకి ఏదో పెద్ద జబ్బు చేసిందని గుడివాడలో, తన వంట తానే తినడానికి భయపడుతున్నాడని బందరులో చెప్పుకున్నారు.

చివరి బంతిలో కూర్చోమని ఎవరైనా పిలిస్తే బావ ముందుకొచ్చి, "ఆయనకి ఇవాళ ఉపవాసమండీ" అనేవాడు. సోమవారం శివుడన్నాడు, మంగళవారం ఆంజనేయస్వామన్నాడు, గురువారం బాబా అన్నాడు. బుధవారం పనొస్తే ఏ దేవుణ్ణి పిలవాలో తెలీక నా దగ్గరికొచ్చి, "పిన్నిగారూ, బుధవారానికి ఎవరున్నారు?" అని అడిగాడు.

"అబద్ధానికి దేవుళ్లని పనిలో పెట్టకు" అన్నాను.

"పనిలో పెట్టేది మన కోసమే కదండీ."

మేస్త్రీగారితో నిజం చెప్పెయ్యమని చాలాసార్లు అన్నాను. ఆయన మాట మార్చేవారు.

"మీరు నైవేద్యం రుచి చూడకుండా వండుతారు కదా. ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారు?"

"దేవుడు ఇంతవరకూ ఏమీ అనలేదు మేస్త్రీగారూ."

"పెళ్లివారు దేవుళ్లు కాదు కదా" అని నవ్వేవారు. ఆ నవ్వులో మునుపటి జోరు లేదు.

ఒప్పుకున్న పనులు ఒక్కొక్కటే జారిపోయాయి. ఒకరు ముహూర్తం మారిందన్నారు, ఒకరు మా మేనల్లుడే చూసుకుంటానన్నాడన్నారు. జట్టులో కొందరు వేరే మేస్త్రీల దగ్గరికి వెళ్లారు. మిగిలినవాళ్లం ఎదురుచూస్తూ ఉన్నాం. చివరికి దివిసీమలో ఒక రైతుల ఇంటి నుంచి నిశ్చితార్థానికి వంట చెయ్యమని కబురొచ్చింది. నేను జట్టులోకి రాకముందు వాళ్లింట్లో ఒక పెళ్లికి ఆయన వండారట, అయినా ఈసారి భోజనం నచ్చితేనే పెళ్లి కూడా ఇస్తామన్నారు. మేస్త్రీగారు పాత్రలన్నీ వ్యానులో ఎక్కించి, నాతో ఒక్క మాటే అన్నారు.

"ఈ పెళ్లి దొరికితే గరిటె పట్టుకుంటాను అక్కయ్యగారూ. లేకపోతే ఇవాళ్టితో పాత్రలు అమ్మేస్తాను. బావకి కూడా చెప్పేశాను."

ఆ ఇల్లు అవనిగడ్డ దాటి లోపలికి వెళ్లే దారిలో ఉంది. నాట్లు పూర్తయి చేలు పచ్చగా ఉన్నాయి. వాకిట్లో షామియానా, బల్లలు, కుర్చీలు. పెళ్లికూతురి పెదనాన్న ఆ ఇంటికి పెద్ద. బల్లలూ కుర్చీలూ వచ్చాయి కానీ ఆయన ఇంట్లో పాత కట్టు మాత్రం పోలేదు. బంతిలో ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. మధ్యలో ఒకరు లేస్తే బంతికే అపచారం.

వడ్డనకు ముందు ఆయన మా పొయ్యిల దగ్గరికి వచ్చాడు.

"ఏమయ్యా మేస్త్రీ, మొదటి బంతిలో నా పక్కన కూర్చో. మగపెళ్లివారు ఎదురుగా కూర్చుంటారు."

బావ గరిటె పక్కన పెట్టి గబగబా వచ్చాడు. "ఆయనకి ఇవాళ ఉపవాసమండీ."

"ఏం ఉపవాసం?"

బావ షామియానా కప్పు వంక చూశాడు. "అదేనండీ, ఇవాళ..."

పెదనాన్నగారు నా వైపు తిరిగాడు. "చూడమ్మా, పొద్దున్న నువ్వు నైవేద్యం వండటం చూశాను. మంచినీళ్లు కూడా ముట్టకుండా చేశావు. నువ్వు చెప్పు. ఇవాళ ఏం ఉపవాసం?"

పొయ్యి మీద దప్పళం ఉడుకుతోంది. మేస్త్రీగారు నన్ను చూస్తున్నారు. అవునంటే ఈ పూట గడిచిపోతుంది, పెళ్లి కూడా దొరకవచ్చు. కాదంటే పాత్రలు అమ్ముడుపోతాయి. ఆ ఒక్క క్షణంలో నేనేమీ గొప్పగా ఆలోచించలేదు. పొద్దున్న దేవుడి ముందు దీపం పెట్టిన చేతులు ఇంకా తడిగానే ఉన్నట్టనిపించింది.

"ఇవాళ ఏ ఉపవాసమూ లేదండీ" అన్నాను.

బావ కళ్లు మూసుకున్నాడు. మేస్త్రీగారు చేతులు తుడుచుకుని, భుజం మీద తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నారు.

"కూర్చుంటానండీ, పదండి."

బంతి నిండింది. వడ్డన పళ్లాలు బావ చేతిలోంచి తీసుకుని మేస్త్రీగారి విస్తరిలో నేనే వడ్డించాను. పప్పు ఇంత, కందాబచ్చలి ఇంత, వంకాయ ఒకటి, కొబ్బరి పచ్చడి ఒక చుక్క. అన్నం గోరుముద్దంత. పెదనాన్నగారు వంగి చూశాడు.

"ఇదేంటమ్మా, తులసికోట దగ్గర పెట్టినట్టు పెట్టావు?"

"ఆయన పొట్ట ఇప్పుడు అంతేనండీ."

"అంటే?" ఆయన మేస్త్రీగారి వైపు తిరిగాడు. "నీకు పెద్ద జబ్బని కొందరంటున్నారు. నీ వంట నువ్వే తినవని కొందరంటున్నారు. మా ఇంటి ఆడపిల్ల పెళ్లి ఇది. రెండిట్లో ఏది నిజం?"

"రెండూ కాదండీ" అన్నారు మేస్త్రీగారు. గొంతు చిన్నగానే ఉంది కానీ ఎదుటి బల్లదాకా వినిపించింది. "షుగరుతో, మోకాళ్లతో పొయ్యి ముందు కూర్చోలేకపోయాను. పొట్ట తగ్గించుకునే ఆపరేషన్ చేయించుకున్నాను. జబ్బు పోగొట్టుకోవడానికే ఇదంతా. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

బంతి అంతా చేతులు ఆగిపోయాయి. నవ్వుతారేమోనని నేను పమిట అంచు పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా కూర్చున్న మగపెళ్లివారి తరఫు లావుపాటి ఆయన ముందు నోరు విప్పాడు.

"నొప్పి ఉంటుందా అండీ?"

"మొదటి నాలుగు రోజులు."

"గారెలు తినొచ్చా?"

"ఒకటి. అదీ నానినది."

"మరి మాంసం?"

"మెత్తగా ఉడికితే కొంచెం. బాగా నమలాలి."

"ఎవరి దగ్గర చేయించుకున్నారు? తర్వాత చెప్పండి, నెంబరు కావాలి" అన్నాడాయన, పక్కనున్న భార్య మోచేత్తో పొడుస్తున్నా ఆగకుండా. అప్పుడు నవ్వారు అందరూ. ఆ నవ్వులో ఎగతాళి లేదు.

బంతి సాగింది. పులుసు, అప్పడం, గారె, పెరుగు. మిగతా వాళ్లందరి భోజనాలూ అయిపోయాయి. మేస్త్రీగారు ఇంకా పప్పు దగ్గరే ఉన్నారు. ఒక్కో ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి, మింగి, కాసేపు ఆగి, ఇంకోటి. ఆయన తప్పు లేదు, అలా తినకపోతే ఆ పొట్ట ఒప్పుకోదు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదని.

వేళ్ల మీద పెరుగు ఎండిపోతుండగా అంతమందీ కూర్చున్నారు. మగపెళ్లివారిలో ఒకాయన దగ్గాడు. రెండో బంతికి వచ్చినవాళ్లు కుర్చీల వెనక, ఒక్కో కుర్చీ పట్టుకుని నిలబడ్డారు. ఎవరో పసిపిల్ల ఆకలని ఏడుపు మొదలెట్టింది. పెదనాన్నగారి మొహం బిగుసుకుంది. కట్టు నిలబెట్టింది తనే, లేవమనలేడు, ఉండమనలేడు.

మేస్త్రీగారు సిగ్గుతో తొందరపడటం మొదలుపెట్టారు. నమలకుండానే ఒక ముద్ద మింగారు. ఇంకొకటి కలిపారు. ఆయన ముక్కు చెమ్మగిల్లడం చూశాను. ముక్కు అలా తడయ్యిందంటే ఇంక చాలని ఆ పొట్ట చెప్తున్నట్టేనని ఆసుపత్రి అమ్మాయి ముందే చెప్పింది. ఇంకో ముద్ద దించితే అక్కడే, ఆ పచ్చటి విస్తరి ముందే, వాంతి అవుతుంది. నిశ్చితార్థం రోజు. వద్దని చెప్పడానికి నేను ముందుకు వంగాను.

"ఎవర్రా అక్కడ నిదానంగా తినేది?"

వసారాలోంచి వచ్చింది ఆ మాట. పెదనాన్నగారి తల్లి. బాగా పెద్దావిడ, చేతికర్ర పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆవిడ బంతిలో కూర్చోవడం మానేసి చాలా ఏళ్లయిందని తర్వాత తెలిసింది. పళ్లు పోయాయి, కట్టుడు పళ్లు గుచ్చుకుంటాయి. ఆవిడ ముద్ద మింగేసరికి మిగతా బంతి చేతులెండబెట్టుకుని కూర్చోవాల్సి వస్తోందని, ఎవరూ ఏమీ అనకపోయినా, తనే లోపల గదిలో తినడం మొదలుపెట్టిందట.

"అమ్మా, నీకు లోపలికి పంపిస్తాం కదా" అన్నాడు కొడుకు.

"లోపల నాతో మాట్లాడటానికి ఎవరున్నార్రా? టీవీనా? అది నేను చెప్పేది వినదు." ఆవిడ మేస్త్రీగారి విస్తరి చూసింది. "నాకంటే నిదానంగా తినేవాణ్ణి ఈ దివిసీమలో ఇంతవరకూ చూళ్లేదు. నా కుర్చీ ఇక్కడ వెయ్యి. మీరంతా లేవండి."

"ఆయన ఇంకా తింటున్నాడమ్మా. బంతి..."

"బంతి నేనూ అతనూ. మేం తింటాం. లేవండి, పాపం వెనక జనం నిలబడ్డారు."

ఆ ఇంట్లో ఆయన కంటే పెద్ద మాట ఆవిడది ఒక్కటే. పెదనాన్నగారు చెయ్యి మడుచుకుని లేచాడు. వెనకే బంతి మొత్తం లేచింది. మేస్త్రీగారు చేతిలోని ముద్దను విస్తరిలో దించి, పెద్దగా ఊపిరి తీసుకున్నారు.

ఆవిడకి కూడా నేనే వడ్డించాను, అదే కొలతలో. ఇద్దరి చుట్టూ రెండో బంతి కూర్చుంది, తింది, లేచింది. వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు.

"ఏం నాయనా, వంకాయ నువ్వే చేశావా?"

"అవునండీ."

"చింతపండు ఎక్కువైంది."

మేస్త్రీగారి గుత్తివంకాయకి మా చుట్టుపక్కలంతా పేరు. ఆయన చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నమిలి, కళ్లు మూసుకుని మళ్లీ నమిలారు.

"ఎక్కువేనండీ."

"మా చిన్న మనవడి పెళ్లిలోనూ నువ్వే చేశావు. అప్పుడూ ఎక్కువే."

"అప్పుడు చెప్పలేదేం అమ్మా?"

"లోపల గదిలో కూర్చుని ఎవరికి చెప్పను? గోడకా?"

ఆయన నవ్వారు. నవ్వుతూనే ఇంకో చిన్న ముక్క తుంచారు. "ఇన్నేళ్లూ గబగబా మింగేశాను. నమల్లేదు కదా, తెలీలేదు" అన్నారు, ఆవిడతోనో తనతోనో. ఆవిడ ఆ రోజు వంకాయ మొత్తం తిన్నది. తిట్టుకుంటూనే తిన్నది.

సాయంత్రం పాత్రలు వ్యానులోకి ఎక్కిస్తుండగా పెదనాన్నగారు వచ్చాడు. పెళ్లి మాట ఎత్తలేదు. మేస్త్రీగారు కూడా అడగలేదు. కడిగిన గుండిగ వైపు చూస్తూ, "మా అమ్మ ఏం తిన్నది?" అన్నాడు.

"పప్పన్నం రెండు ముద్దలు, వంకాయ, కొంచెం కందాబచ్చలి, ఆఖర్న పెరుగు. గారె నేను వద్దన్నానండీ, చిగుళ్లకి తగుల్తుందని" అన్నారు మేస్త్రీగారు.

ఆయన తలూపాడు. వెళ్లబోయి ఆగాడు. "పెళ్లిలో కూడా ఆవిడ పక్కన నువ్వే కూర్చోవాలి."

బావ గుండిగ మోస్తూ ఉండబట్టలేక అడిగేశాడు. "మరి వంట ఎవరిదండీ?"

"వండనివాణ్ణి తెచ్చి మా అమ్మ పక్కన కూర్చోబెడతానటయ్యా? చింతపండు మాత్రం తగ్గించుకోమను."

వ్యాను ఎక్కాక బావ నాతో, "పిన్నిగారూ, ఇంక మీ దేవుళ్లకి వారం పొడుగునా సెలవులే" అన్నాడు. మేస్త్రీగారు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒకసారి, రెండోసారి, ఏదో లెక్క చూసుకున్నట్టు మెల్లగా తట్టుకున్నారు. మనసులో ఆ దేవుడికి, ఆ పెద్దావిడకి, ఆ రేపల్లె పిల్లకి దణ్ణం పెట్టుకున్నాను.

ఇంతకీ, పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పదలుచుకున్నది చిన్న విషయమే. ఎంతమందికి వండుతున్నాం అని అడుగుతాం. వాళ్లలో ఎవరు ఎంతసేపు తింటారన్నది అడగం. అడగండి. నాకు ఆ ప్రశ్న రావడానికి సగం జీవితం పట్టింది, అది కూడా నా తెలివి వల్ల కాదు, మా మేస్త్రీగారి అరటిపండంత పొట్ట వల్ల.

పెళ్లి రోజున మేస్త్రీగారు షామియానా మూలన, ఫ్యానుకు దగ్గరగా, ఒక బల్ల విడిగా వేయించారు. చిన్న విస్తరులు, చిన్న గరిటెలు, తొందరపెట్టని మనిషి ఒకడు వడ్డనకి. మొదట ఆ పెద్దావిడ కూర్చుంది. కాసేపటికి కొత్త కట్టుడు పళ్లాయన ఒకరొచ్చారు. నెల తప్పిన అమ్మాయి, వాసన పడక ముక్కు మూసుకుంటూ వచ్చి కూర్చుంది. నిశ్చితార్థంలో ప్రశ్నలడిగిన లావుపాటి ఆయన భార్యతో సహా వచ్చాడు, తను కూడా ఆపరేషన్‌కి పేరు రాయించుకున్నానని, ఇప్పట్నుంచే నమలడం అలవాటు చేసుకుంటున్నానని చెప్పాడు. గొంతు నొప్పివాళ్లు, షుగరువాళ్లు, ఊరికే కబుర్లకోసం వచ్చినవాళ్లు. చూస్తుండగానే బల్ల నిండిపోయింది.

పనంతా ముగించుకుని మేస్త్రీగారు చేతులు కడుక్కుని వచ్చేసరికి అక్కడ ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. ఆయన పెద్దావిడ కుర్చీ వెనక, కుర్చీ పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ తలెత్తి చూసి, కొత్త వంకాయ గురించి చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు అలాగే నిలబడ్డారాయన, నవ్వుకుంటూ. ఆ బంతిలోంచి ఎవరూ తొందరగా లేవరు కదా.